పదిమంది తొక్కితే... పబ్బు కదులుతుంది!

పైన పందిరి, మధ్యలో బల్ల, చుట్టూ ఎత్తు సీట్లు... దూరం నుంచి చూస్తే ఎవరో చిన్న హోటల్ని ఎత్తుకొచ్చి నడిరోడ్డు మీద పెట్టారా అనిపిస్తుంది. దగ్గరికొస్తే గానీ తెలీదు, అది కదులుతోందని! ఇంకాస్త దగ్గరికొస్తే అసలు సంగతి బయటపడుతుంది. బల్లకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లంతా కాళ్లతో సైకిల్ తొక్కుతున్నారు. వాళ్లు తొక్కితేనే బండి నడిచేది. ఆపితే అదీ ఆగిపోతుంది.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో బెండ్ అనే ఊరుంది. వేసవి సాయంత్రాల్లో అక్కడి వీధుల్లో ఇలాంటి బళ్లు కనిపిస్తుంటాయి. ఎక్కేది స్నేహితుల గుంపులు, పుట్టినరోజు జరుపుకునేవాళ్లు, పెళ్లికి ముందు సరదా పడే జంటల బృందాలు, ఒకే ఆఫీసువాళ్లు. వెళ్లేది ఊళ్లోని చిన్న చిన్న బీరు తయారీ కేంద్రాలకు. ఒకచోట ఆగి రుచి చూడటం, మళ్లీ ఎక్కి తొక్కడం, ఇంకోచోట ఆగడం... రెండు గంటల సరదా.

బండిలో సాధారణంగా పధ్నాలుగు నుంచి పదహారు మంది పడతారు. అందరికీ పెడల్స్ ఉండవు. పదిమంది దాకా తొక్కుతారు, మిగిలినవాళ్లు వెనక బెంచీ మీద దర్జాగా కూర్చోవచ్చు. (ఆ బెంచీ కోసం ఎంత పోటీ ఉంటుందో వేరే చెప్పాలా!) అందరి పెడల్స్‌నీ గొలుసులతో ఒకే ఇరుసుకు కలుపుతారు. ఎవరు గట్టిగా తొక్కుతున్నారో, ఎవరు ఊరికే కాళ్లు ఆడిస్తున్నారో కనిపెట్టడం కష్టమే. స్టీరింగూ బ్రేకులూ మాత్రం ముందు కూర్చున్న డ్రైవరు చేతిలో ఉంటాయి. అతను కంపెనీ మనిషి, చుక్క ముట్టకూడదు. వేగం గంటకు ఎనిమిది కిలోమీటర్లు దాటితే గొప్ప. చురుగ్గా నడిచే మనిషి కంటే కాస్త ఎక్కువ, అంతే. ఎత్తు ఎక్కలేక ఆయాసపడేటప్పుడు సాయానికి కొన్ని బళ్లకు చిన్న ఎలక్ట్రిక్ మోటారు కూడా పెడుతున్నారు.

ఊరేగింపు కోసం పుట్టింది

ఈ ఆలోచన అమెరికాది కాదు. సైకిళ్ల దేశం నెదర్లాండ్స్‌ది. 1997లో అక్కడి పాటర్స్‌వోల్డె అనే ఊళ్లో ఒక బార్ యజమాని స్థానిక ఊరేగింపులో పాల్గొనాలనుకున్నాడు. అందుకోసం ఏదైనా వింత బండి తయారు చేసిపెట్టమని అడిగితే, హెంక్, జ్వియర్ వాన్ లార్ అనే అన్నదమ్ములు దీన్ని తయారుచేశారు. పేరు ‘ఫీట్స్‌కఫే’. డచ్చి భాషలో సైకిల్ హోటల్ అని అర్థం. ఒక్కరోజు ఊరేగింపుకని పుట్టింది కాస్తా వ్యాపారమైంది. జర్మనీకి పాకింది. తూర్పు యూరప్‌కు వెళ్లింది. 2007లో అట్లాంటిక్ దాటి అమెరికాలోని మినియాపొలిస్ చేరి ‘పెడల్ పబ్’ అయింది. అక్కణ్నుంచి ఊరూరా తయారయ్యాయి.

అన్నిచోట్లా అదే బండి. కానీ బెండ్‌లో దానికో కథ తోడయింది. అది రంపపు పొట్టుతో మొదలవుతుంది.

రంపాలు ఆగిన ఊళ్లో...

డెషూట్స్ నది ఒడ్డున ఉంటుందీ ఊరు. కాస్కేడ్ పర్వతాలు దగ్గర్లోనే మంచు కప్పుకుని కనిపిస్తాయి. పడమటి దిక్కుగా బళ్లు కట్టుకుని వలసపోయేవాళ్లు నది మలుపు తిరిగే ఈ చోట దానికి వీడ్కోలు చెప్పేవారట. అందుకే ‘ఫేర్‌వెల్ బెండ్’ అన్నారు, అంటే వీడ్కోలు వంపు. తపాలా శాఖవాళ్లు దాన్ని కత్తిరించి వంపు ఒక్కటే మిగిల్చారు.

చుట్టూ పైన్ అడవులు. 1916లో నదికి చెరో ఒడ్డునా రెండు పెద్ద కలప మిల్లులు మొదలయ్యాయి. ఊరు ఊరంతా వాటి మీదే బతికింది. దుంగలు నదిలో తేలుతూ వచ్చేవి, పలకలై రైలెక్కేవి. తరవాత అడవి తరిగింది. 1950లో ఒక మిల్లు మూతపడింది. రెండోది ఈడ్చుకుంటూ వచ్చి 1994లో ఆగిపోయింది. మన దగ్గర చక్కెర ఫ్యాక్టరీయో, జూట్ మిల్లో మూతపడిన ఊళ్లు చూసినవాళ్లకు అప్పటి బెండ్ ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు.

కలప వ్యాపారం పడుతూ లేస్తూ ఉన్న రోజుల్లోనే, 1988లో, గ్యారీ ఫిష్ అనే ఆయన ఊరి మధ్య బాండ్ స్ట్రీట్‌లో ఒక పబ్ తెరిచాడు. బీరు బయటినుంచి తేకుండా అక్కడే కాచి అక్కడే అమ్మడం పద్ధతి. ఆరెగాన్ ప్రభుత్వం అలా అమ్ముకునే వీలు కల్పించింది 1985లోనే. పేరు నదిదే పెట్టాడు, డెషూట్స్ బ్రూవరీ. తొలి రోజులు ఏమంత కలిసిరాలేదు. పరికరాల అమరికలో లోపం వల్ల వరసగా పది దఫాల బీరు పాడైతే పారబోశారు. ఇంకొకరైతే తాళం వేసి వెళ్లిపోయేవారు. ఆయన లోపం పట్టుకుని సరిచేయించాడు. పక్కనున్న అగ్నిపర్వతం పేరుతో నల్లటి ‘బ్లాక్ బ్యూట్ పోర్టర్’, ఊరి మధ్య చెరువు పేరుతో ‘మిర్రర్ పాండ్’ తెచ్చాడు. రెండూ దేశమంతా తెలిసిన పేర్లయ్యాయి.

అక్కడ పని నేర్చుకున్నవాళ్లు కొందరు బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారు. 1995లో బెండ్ బ్రూయింగ్, 2006లో టెన్ బ్యారెల్, 2012లో క్రక్స్... ఇలా ఒక్కొక్కటే పెరిగాయి. క్రక్స్ మొదలైంది కార్ల గేర్‌బాక్సులు బాగుచేసే పాత షెడ్డులో. దాన్ని పెట్టినవారిలో ఒకరు అంతకుముందు డెషూట్స్‌లో ప్రధాన బ్రూవరు. ఇప్పుడా ప్రాంతంలో రెండు డజన్లకు పైగా బ్రూవరీలున్నాయి. 1990లో ఇరవై వేలున్న జనాభా 2020 నాటికి 99 వేలు దాటింది. పాత మిల్లు ప్రాంగణం షాపింగ్ వీధిగా మారింది. మిల్లుకు కరెంటు ఇచ్చిన భవనం మీద మూడు పొగగొట్టాలు అలాగే ఉంచారు, కింద మాత్రం కొండలెక్కే సామాన్లు అమ్మే దుకాణం పెట్టారు. పర్యాటక శాఖవాళ్లు 2010లో ‘ఏల్ ట్రయల్’ పేరిట పాస్‌పోర్టు లాంటి చిన్న పుస్తకం కూడా వేశారు. ఒక్కో బ్రూవరీకి వెళ్లి ముద్ర వేయించుకోవాలి. కావాల్సినన్ని ముద్రలు పడితే బహుమతి. తిరుపతి కొండకు నడిచివెళ్లేవాళ్లు దారిలో టోకెన్‌కు ముద్ర వేయించుకునేవారే, అలాగన్నమాట, గమ్యం మాత్రం వేరు!

ఇంత దగ్గర దగ్గరగా ఉన్నవాటిని చూడాలంటే కారు ఇబ్బంది. తాగినవాళ్లు నడపకూడదు. నడిచివెళితే గుంపు చెల్లాచెదురవుతుంది. తొక్కుడు బండి అక్కడ అతికినట్టు సరిపోయింది.

రాగి మాల్ట్ తెలిస్తే చాలు

బండి ఆగిన ప్రతిచోటా లోపల చూడటానికి చాలానే ఉంటుంది. గాజు గోడ వెనక నిగనిగలాడే స్టీలు డ్రమ్ములు, వాటిమీద గడియారాల్లాంటి మీటర్లు. లోపల జరిగే పని మన వంటింట్లో తెలియనిదేం కాదు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి రాగి మాల్ట్ చేస్తాం కదా. బార్లీని కూడా అంతే చేస్తారు. ఆ గింజల్ని మర పట్టించి, వేడినీళ్లలో నానబెడితే తియ్యటి కషాయం దిగుతుంది. దాన్ని మరిగించేటప్పుడు హాప్స్ అనే తీగ పూలు వేస్తారు. చేదూ సువాసనా వాటివే. చల్లార్చి ఈస్ట్ కలిపితే ఇడ్లీపిండి పులిసినట్టే పులుస్తుంది, తీపి కాస్తా ఆల్కహాలుగా మారుతుంది. గింజల్ని ఎంత దోరగా వేయిస్తే రంగు అంత. నల్లటి పోర్టరైతే డికాక్షన్ లాగే ఉంటుంది. హాప్స్ దండిగా వేసిన ఐపీఏ మాత్రం కాకరకాయ ఇష్టపడేవాళ్లకే.

హాప్స్ సాగుకు ఆరెగాన్ పెట్టింది పేరు. ఆ దేశంలో పండే హాప్స్ దాదాపు అంతా ఆరెగాన్, వాషింగ్టన్, ఐడహో రాష్ట్రాలదే. చిన్న బ్రూవరీలకు ఊపిరిపోసిన ‘కాస్కేడ్’ రకాన్ని 1972లో విడుదల చేసింది ఆరెగాన్‌లోని పరిశోధకులే. రసం తీసేశాక మిగిలే పిప్పి పారబోయరు. పశువుల దాణాకు రైతులు తీసుకెళతారు. తెలగపిండికి మన దగ్గర ఉన్న గిరాకీ లాంటిదే.

రుచి చూపించే పద్ధతి కూడా ముచ్చటగా ఉంటుంది. పెద్ద గ్లాసు ఇవ్వరు. చెక్కపలకకు గుంటలు తవ్వి, అందులో నాలుగైదు చిన్న గ్లాసుల్లో రకానికి వంద, నూట ఇరవై మిల్లీలీటర్లు పోసిస్తారు. అందరూ తాగాలనేం లేదు. సోడానో, రూట్ బీరో తాగి మిగతావారి వంతు కూడా తొక్కిపెట్టేవాళ్లు ప్రతి గుంపులో ఒకరిద్దరైనా ఉంటారు. పేరుకు బీరే గానీ రూట్ బీరులో మత్తుండదు, మన సుగంధి పాలు గుర్తొస్తుంది.

పుట్టింట్లోనే చేదు

ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఇంటి ముందు నుంచి రోజూ పది బళ్లు పాటలు పాడుకుంటూ పోతే?

ఆమ్‌స్టర్‌డామ్‌లో అదే జరిగింది. కాలువల మధ్య ఇరుకు వీధులు, వాటిలో గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోని బండి, మీద అరుపులు. వెనక సైకిళ్లూ కార్లూ బారులు తీరేవి. గోడల పక్కన మూత్ర విసర్జన సరేసరి. ఆరువేల మంది దాకా సంతకాలు చేసి నగరపాలక సంస్థకు మొరపెట్టుకున్నారు. నిర్వాహకులు కోర్టుకెక్కారు. 2017 అక్టోబరు ఆఖరున కోర్టు జనం పక్షాన నిలిచింది. మర్నాటి నుంచి నగర కేంద్రంలో బీరు సైకిళ్లు బంద్. ఏ దేశంలో పుట్టిందో ఆ దేశపు రాజధానే గేటు వేసిందన్నమాట. తరవాత ప్రాగ్ కూడా తన పాతబస్తీ వీధుల్లోకి రానివ్వలేదు.

జర్మనీలో తగవు ఇంకా విచిత్రం. ఇది వాహనమా, హోటలా? వాహనమైతే రోడ్డు మీద తిరిగే హక్కుంది. హోటలైతే నడిరోడ్డు మీద పెట్టే హక్కు లేదు. డ్యుసెల్‌డార్ఫ్ కేసులో 2012లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దాకా వెళ్లింది వ్యవహారం. ఎక్కేవాళ్ల ఉద్దేశం ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లడం కాదు, వేడుక చేసుకోవడం, కాబట్టి ప్రత్యేక అనుమతి ఉండాల్సిందే అని తేల్చారు. నిజమే, గమ్యం చేరాలనే తొందర ఆ బండి ఎక్కినవాళ్లలో ఒక్కరికీ ఉండదు.

అమెరికాలో రాష్ట్రానికో నిబంధన. విస్కాన్సిన్‌లో మనిషికి 36 ఔన్సులకు మించి (లీటరు కంటే కాస్త ఎక్కువ) బీరు వెంట తెచ్చుకోకూడదు, రాత్రి పదిన్నర తరవాత బండి మీద తాగకూడదు, డ్రైవరు అసలే ముట్టకూడదు. కొన్ని ఊళ్లలో బండి మీద తాగనివ్వరు, దిగినచోటే కానివ్వాలి. ఈ షరతులు చాదస్తం అనుకోవడానికి లేదు. 2022 జూన్‌లో అట్లాంటాలో ఇలాంటి బండి ఒకటి మలుపు తిరుగుతూ బోల్తాపడి పదిహేను మంది గాయపడ్డారు. నడుపుతున్న వ్యక్తి తాగి ఉన్నాడని పోలీసులు కేసు పెట్టారు. బండి ఎంత నెమ్మదిగా నడిచినా, పైన బరువు ఎక్కువ, సీట్లు ఎత్తు, పట్టుకోవడానికి బల్ల తప్ప మరేం లేదు. అందరి ప్రాణాలూ తాగని ఆ ఒక్కడి చేతిలోనే ఉంటాయి.

బెండ్‌లో ఇబ్బంది లేదని కాదు. కానీ అక్కడి వీధులు వెడల్పు. పైగా బండి ఆగేది ఊరివాళ్లే పనిచేసే చోట్ల. ఆ బీరు కాచేది పొరుగింటి మనిషో, మిల్లులో పనిచేసినాయన మనవడో కావచ్చు. టెన్ బ్యారెల్‌ను 2014లో ఒక బహుళజాతి దిగ్గజం కొనేసినప్పుడు ఊళ్లో చాలామంది సొంత మనిషిని పోగొట్టుకున్నట్టు మాట్లాడారు. (2023లో అది మళ్లీ చేతులు మారింది.) పరాయి ఊరి నుంచి వచ్చి తాగిపోయే గుంపుకూ, ఊరి కష్టం రుచి చూడ్డానికి వచ్చే గుంపుకూ తేడా ఉంటుంది కదా. ఆమ్‌స్టర్‌డామ్‌లో లోపించింది అదే కావచ్చు.

తెలుగువాళ్లకు ఈ ఊరు మరీ దూరమేం కాదు. పోర్ట్‌లాండ్ పక్కనే హిల్స్‌బరో, బీవర్టన్‌లలో చిప్‌ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు బోలెడుమంది. మంచు కొండలు చూడ్డానికని మూడు మూడున్నర గంటలు కారు నడుపుకుంటూ బెండ్‌కు వెళ్లొస్తుంటారు. ఇటు హైదరాబాద్‌లోనూ 2015లో ప్రభుత్వం మైక్రోబ్రూవరీ నిబంధనలు తెచ్చాక జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు అక్కడే కాచి అక్కడే పోసే చోట్లు వెలిశాయి. ఒకదాని నుంచి ఒకదానికి తొక్కుకుంటూ వెళితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఎవరికైనా వస్తే మాత్రం, సాయంత్రం ఆరింటికి ఐకియా కూడలిలో ఒక్కసారి నిలబడి చూస్తే చాలు.

బెండ్‌లో రెండు గంటలయ్యేసరికి బండి బయల్దేరిన చోటికే చేరుతుంది. దిగినవాళ్లలో సగం మంది తొడలు నొక్కుకుంటుంటారు. అంతా తామే తొక్కామని ఒకరంటే, నువ్వు తొక్కితే బండి వెనక్కి పోయేదని ఇంకొకరంటారు. ఫొటోలు దిగుతారు. డ్రైవరు బల్ల తుడిచి, సీట్ల ఎత్తు సరిచేసి, గొలుసులు ఒకసారి తిప్పి చూసుకుంటాడు. తరవాతి గుంపు అప్పటికే ఎదురుగా నిలబడి ఉంటుంది, వెనక బెంచీ మీదికి ఎవరు ముందెక్కాలా అని చూసుకుంటూ.