ఒక కంప్యూటరు - రెండు వాటాలు

ఒకే ఇంటిని రెండు వాటాలు చేసి, ఇద్దరికి అద్దెకివ్వటం మీరు చూసే వుంటారు. కంప్యూటరులో కూడా ఇలా చేయవచ్చు. డిస్కును భాగాలు చేసి, ఒక వాటాలో విండోసు, మరొక వాటాలో లైనక్సు పెడతారు. కంప్యూటరుచేత పని చేయించే ఇలాటివాటిని ఆపరేటింగ్ సిస్టంలంటారు. మీట నొక్కినప్పుడు మనం ఏది కోరితే అది లేస్తుంది.

ఇందులో ఒక చిక్కున్నది. మీ నాన్నగారు విండోసుకు పాస్‌వర్డు పెట్టారనుకోండి. అది ఆ వాటా వీధి తలుపుకు వేసిన తాళం మాత్రమే. లైనక్సు నడిచేటప్పుడు విండోసు నిద్రలో వుంటుంది. పక్కవాటా నుంచి ఎవరైనా వచ్చి, అందులోని ఉత్తరాలు చదివేయవచ్చు!

దీనికి విరుగుడేమిటంటే, డిస్కుమీది రాతనే రహస్యలిపిగా మార్చటం. ఇందుకు ఎక్కువగా వాడే పద్ధతి పేరు ఎ.ఇ.ఎస్. బెల్జియం దేశస్థులైన యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన ఈ పద్ధతిని అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా స్వీకరించింది. ఇందులో అన్నిటికన్న చిన్నరకం తాళంచెవులే ఎన్ని వుండగలవో లెక్క వేస్తే, 39 అంకెల సంఖ్య వస్తుంది! ఒక్కొక్కటే పెట్టి చూడటం ఎవరి తరమూ కాదు.

ఈ పనిని విండోసులో బిట్‌లాకరు, లైనక్సులో లక్స్ చేస్తాయి. అయితే విండోసుకు లక్స్ లిపి చదవటం రాదు. లైనక్సు వాటాను చూసి, "దీన్ని ఫార్మాటు చేయమంటారా?" అని అడగవచ్చు. తొందరపడి "సరే" అన్నారో, ఆ వాటా పోయినట్టే!

బిట్‌లాకరుతోనూ జాగ్రత్తగా వుండాలి. చాలా కంప్యూటర్లలో దాని తాళంచెవిని టి.పి.ఎం. అనే చిప్పు కావలి కాస్తూ వుంటుంది. కంప్యూటరు లేచే తీరు మారితే దానికి అనుమానం కలిగి, తాళంచెవి ఇవ్వదు. రెండో సిస్టం పెట్టినప్పుడు ఆ తీరు మారవచ్చు. అప్పుడు బిట్‌లాకరు 48 అంకెల సంఖ్య ఒకటి అడుగుతుంది. వచ్చినవాడు దొంగో, యజమానో దానికేం తెలుసు? ఆ సంఖ్య ఎక్కడా దాచుకోకపోతే, మీ చిన్ననాటి ఫోటోలు డిస్కులోనే వున్నా మీకు దక్కవు.

అందుచేత మీ ఇంట్లో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే ముందుగా మూడు ప్రశ్నలు అడగండి: "ఆ 48 అంకెలూ కాగితంమీద రాసుకున్నారా? ముఖ్యమైనవన్నీ మరొక డిస్కులోకి ఎక్కించారా? పని అయిందాకా బిట్‌లాకరును ఆపి వుంచారా?"

మూడింటికీ "ఆఁ" అంటే నిర్భయంగా మొదలు పెట్టవచ్చు. కాగితాన్ని మాత్రం కంప్యూటరు సంచీలోనే పెట్టనివ్వకండి. పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని ఆ పెట్టెకే కట్టినట్టవుతుంది!