చక్రాల ఇంటి కరెంటు కాపురం

అమెరికాలో అరిజోనా పడమటి అంచున, కాలిఫోర్నియా పొలిమేరకు దగ్గర్లో క్వార్ట్‌సైట్ అనే ఎడారి ఊరుంది. 2020 జనగణన ప్రకారం జనం రెండున్నర వేలకు లోపే. ఆ ఊరి శ్మశానంలో రాళ్లతో కట్టిన చిన్న పిరమిడ్, దాని కొసన లోహంతో చేసిన ఒంటె బొమ్మ కనిపిస్తాయి. అది హాజీ అలీ సమాధి. 1850ల్లో అమెరికా సైన్యం ఎడారి దారుల్లో సామాను మోయించుకుందామని ఒంటెలను ఓడలకెక్కించి తెప్పించుకుంది. వాటిని తోలడానికి వచ్చినవాళ్లలో ఇతనొకడు. పేరు నోరు తిరగక అక్కడివాళ్లు ‘హై జాలీ’ అని పిలిచారు. 1902లో ఆ ఊళ్లోనే పోయాడు.

ఒంటె మూపురంలో నీళ్లుంటాయని చిన్నప్పుడు మనకెవరో చెప్పే ఉంటారు. ఉండేది కొవ్వు, అంటే మేత దొరకని రోజులకని దాచుకున్న శక్తి. ఇప్పుడు ఆ ఊరి చుట్టూ ప్రతి చలికాలం వేలాది మోటారుహోమ్‌లు, అంటే చక్రాల ఇళ్లు, వచ్చి దిగుతాయి. ఒక్కోదాని కడుపులో ఒక్కో మూపురం ఉంటుంది. హౌస్ బ్యాటరీ అంటారు దాన్ని. ఇది దాని కథ.

ఊరికి దక్షిణాన ఉన్న లా పోసా మైదానం కేంద్ర ప్రభుత్వ భూమి. చలికాలమంతా జనం దీర్ఘకాలం విడిది చేసే ఏర్పాటును బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ 1983లో మొదలుపెట్టింది. ఆ కాలం సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా. పర్మిట్ కొనుక్కుని నచ్చినచోట బండి ఆపుకోవచ్చు గానీ, బండి పక్కన కరెంటు స్తంభం ఉండదు, కుళాయి ఉండదు. ఇలా ఏ కనెక్షనూ లేకుండా మకాం వెయ్యడాన్ని వాళ్లు బూన్‌డాకింగ్ అంటారు. ఫిలిప్పీన్స్‌కు వెళ్లిన అమెరికా సిపాయిలు అక్కడి టగలాగ్ భాషలో కొండకున్న ‘బుండోక్’ అనే మాటను వెంట తెచ్చుకుంటే, అది మారుతూ మారుతూ ఇలా తేలింది. ఇంకో నియమం కూడా గుర్తుంచుకోండి, కథలో పనికొస్తుంది: రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చప్పుడు చెయ్యకూడదు.

బండి మూపురంగా వాడుతూ వచ్చిన సీసపు బ్యాటరీకి 160 ఏళ్లు దాటాయి. 1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంతె రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా అడ్డు పెట్టి చాపలా చుట్టి, గంధకామ్లంలో ముంచాడు. ఖాళీ అయితే పారెయ్యక్కర్లేదు, మళ్లీ నింపుకోవచ్చు. నింపడానికి డైనమోలు ఇంకా చేతికి రాని రోజులవి కాబట్టి, పారేసే రకం ఘటాలతోనే దీన్ని ఛార్జి చెయ్యాల్సి వచ్చేది. 1881లో కమీల్ ఫోర్ రేకులకు సీసపు ఆక్సైడు ముద్ద పూసే పద్ధతి తెచ్చాక అది కార్ఖానా సరుకైంది. 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. అప్పటినుంచి బ్యాటరీ మోటారు బండిలో కాపురం పెట్టేసింది.

అయితే ఇంజను తిప్పే బ్యాటరీ వేరు, ఇల్లు నడిపే బ్యాటరీ వేరు. మొదటిదాంట్లో రేకులు పల్చన, సంఖ్య ఎక్కువ. నాలుగు క్షణాలు వందల ఆంపియర్లు ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది. రెండోదాంట్లో రేకులు మందం; రాత్రంతా కొంచెం కొంచెంగా ఇస్తుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులార్ బ్యాటరీ రెండో జాతిదే. దాన్ని కారులో పెట్టి ఇంజను తిప్పమన్నా, కారు బ్యాటరీకి రాత్రంతా ఫ్యాను తగిలించినా అన్యాయమే. అందుకే మోటారుహోమ్‌లో రెండూ ఉంటాయి. రాత్రి లైట్లు హౌస్ బ్యాటరీని తాగేసినా పొద్దున ఇంజను బ్యాటరీ నిండుగా ఉండేలా వాటి మధ్య ఐసొలేటర్ కాపలా కాస్తుంది. అమెరికాలో చాలామంది హౌస్ బ్యాటరీగా వాడేవి గోల్ఫ్ బండ్లకు చేసిన 6 వోల్టుల బ్యాటరీలు. రెండింటిని వరసగా కలిపితే 12 వోల్టులు, సుమారు 220 ఏహెచ్ (ఆంపియర్-గంటలు; ఒక ఆంపియరు చొప్పున గంటసేపు లాగితే ఒక ఏహెచ్). ఒక్కోటి ముప్పై కిలోలకు దగ్గరగా ఉంటుంది.

ఇంత పెద్ద మూపురం ఎందుకు చాలదో తెలియాలంటే ఒక రోజు జమాఖర్చు రాయాలి. జనవరిలో లా పోసాలో ఒక జంట ఉందనుకుందాం. వంట గ్యాసు మీద. ఫ్రిజ్జూ గ్యాసు మీదే నడిచే రకం. ఇక కరెంటు ఖర్చు ఏముంది అనిపిస్తుంది. ఎడారి రాత్రి చలి కొరికేస్తుంది కాబట్టి గ్యాసు ఫర్నేసు వెలుగుతుంది. మంట గ్యాసుదే గానీ, ఆ వేడిని ఇంట్లోకి ఊదే బ్లోయరు మాత్రం 7 ఆంపియర్లు లాగుతుంది. ఆగుతూ సాగుతూ రాత్రంతా కలిపి నాలుగు గంటలు తిరిగితే 28 ఏహెచ్ పోయినట్టే. టీవీ, ల్యాప్‌టాప్ కలిసి 20. పొద్దున్నే ఇన్వర్టర్ మీద పది నిమిషాలు కాఫీ మెషిన్ నడిపితే 15. ఎల్‌ఈడీ లైట్లన్నీ కలిపినా ఆరు దాటదు, నీళ్ల పంపు రెండు. ఎవరూ లెక్కపెట్టని చిల్లర ఖాతా ఒకటి మిగిలింది: గ్యాసు లీకు అలారం, ఫ్రిజ్జు కంట్రోలు బోర్డు, యాంటెన్నా బూస్టరు, ఊరికే వెలుగుతూ ఉండే ఇన్వర్టర్. అన్నీ కలిసి ఒక ఆంపియరే గానీ, రోజంతా అంటే 24 ఏహెచ్. మొత్తం 95. కాఫీ మెషిన్‌ను తిట్టుకుంటాం గానీ, అసలు దొంగ ఆ చిల్లర ఖాతానే. దానితో చేతులు కలిపినవాడు బ్లోయరు.

220లో 95 పోతే ఇంకా బోలెడు ఉంది కదా అనిపిస్తుంది. సీసపు బ్యాటరీ దగ్గర ఆ లెక్క చెల్లదు. సగానికి దిగువకు తరచు దించితే దాని ఆయుష్షు గబగబా తరిగిపోతుంది. అంటే చేతికొచ్చేది 110. పైగా, ఎంత వేగంగా లాగితే అంత తక్కువ ఇస్తుంది. 1897లో విల్‌హెల్మ్ ప్యూకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికొక సూత్రమే కట్టాడు. మెల్లగా అడిగేవాడికి అణా పైసలతో సహా ఇచ్చి, గద్దించి అడిగినవాడికి కోత పెట్టే రకమన్నమాట. ఎంత మిగిలిందో చూడాలంటే కొన్ని గంటలు ఏమీ వాడకుండా ఉంచి వోల్టేజి కొలవాలి: 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.1 ఉంటే సగం. లోకమంతా ఈ అర వోల్టు మధ్యలోనే.

సరే, ఎండ ఉందిగా. 1954 ఏప్రిల్‌లో బెల్ ప్రయోగశాలల్లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్ సౌర ఘటాన్ని లోకానికి చూపించారు. పడ్డ వెలుగులో సుమారు 6 శాతం కరెంటుగా మారింది. దానితో ఒక బొమ్మ రంగులరాట్నం తిప్పారు. ఇప్పటి ప్యానెళ్లు 20 శాతం దాటాయి. అయినా జనవరి ఎండ జనవరి ఎండే. క్వార్ట్‌సైట్ దాదాపు 33.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి 33 డిగ్రీలే లేస్తాడు. కప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కు ఆ ఏటవాలు ఎండలో సగం కన్నా కాస్త ఎక్కువే దక్కుతుంది. 400 వాట్ల ప్యానెళ్లు పడుకుని రోజుకు సుమారు 80 ఏహెచ్ తెస్తే, దక్షిణానికి తల ఎత్తి నిలబెడితే దానికి ఇంకో సగం కలుస్తుంది. అందుకే లా పోసాలో పొద్దున్నే బండి వెనక నిచ్చెనెక్కి ప్యానెళ్లు లేపుతున్న పెద్దమనుషులు కనిపిస్తారు. గాలి లేస్తే మళ్లీ ఎక్కి దించుతారు కూడా.

నీడ సంగతి ఇంకా చిత్రం. ఎడారిలో చెట్టేది అనకండి. కప్పు మీద ఏసీ పెట్టె ఉందిగా. ప్యానెల్‌లో ఘటాలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. తోటలో నీళ్ల గొట్టాన్ని ఒక్కచోట తొక్కితే చివరిదాకా ధార సన్నగిల్లినట్టు, అరచెయ్యంత నీడ పడ్డా ఆ వరస మొత్తం దిగజారుతుంది. బైపాస్ డయోడ్ ఆ వరసను పక్కకు తప్పిస్తుంది గానీ, తప్పించిన భాగం నష్టమే.

ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య పెళ్లిళ్ల పేరయ్య లాంటివాడు ఛార్జి కంట్రోలర్. 100 వాట్ల ప్యానెల్ తన పూర్తి బలాన్ని 18 వోల్టుల దగ్గర, ఐదున్నర ఆంపియర్లతో చూపిస్తుంది. బ్యాటరీ ఉన్నది 12.5 దగ్గర. చౌక కంట్రోలర్ ప్యానెల్‌ను కిందికి లాగి బ్యాటరీ స్థాయికి దించుతుంది. ఆంపియర్లు అవే ఉంటాయి కాబట్టి వందలో ముప్పై వాట్లు గాలిలో కలుస్తాయి. ఎంపీపీటీ అనే రకం కంట్రోలర్ మాత్రం ప్యానెల్‌ను 18 దగ్గరే ఉండనిచ్చి, ఎక్కువైన వోల్టులను ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది. చలిలో ప్యానెల్ వోల్టేజి ఇంకాస్త పెరుగుతుంది కాబట్టి ఈ లాభం చలికాలంలోనే ఎక్కువ.

ఇక జనరేటర్. అందరూ తిట్టుకునేదీ, మబ్బు పట్టగానే అందరూ వెతుక్కునేదీ అదే. అమెరికా కరెంటు సెకనుకు 60 ఆవృత్తాలు. పాత రకం జనరేటర్ ఆ 60 ఇవ్వాలంటే సాధారణంగా నిమిషానికి 3,600 చుట్లు తిరగాల్సిందే, అవతల వెలిగేది ఒక్క బల్బయినా సరే. ఆ హోరంతా అందుకే. ఇన్వర్టర్ జనరేటర్ ముందు కరెంటును డీసీగా మార్చి, మళ్లీ ఎలక్ట్రానిక్స్‌తో 60 ఆవృత్తాలు కట్టి ఇస్తుంది కాబట్టి, పని తక్కువైతే ఇంజను నెమ్మదిస్తుంది. పెట్రోలు బండికి అమర్చి వచ్చిన జనరేటర్ బండి ట్యాంకులోంచే తాగుతుంది. అయితే దాని గొట్టాన్ని కావాలనే పొట్టిగా వదులుతారు. పావు ట్యాంకు మిగలగానే గొట్టానికి పెట్రోలు అందక జనరేటర్ ఆగిపోతుంది. ఎడారిలోంచి బయటపడడానికి ఆ పావు మీకు మిగులుతుంది. ఎవరు ఆలోచించారో గానీ, నాకు మొత్తం బండిలో అన్నిటికన్నా నచ్చిన ఇంజనీరింగ్ ఇదే.

బ్యాటరీ, ఎండ, జనరేటర్ అనే ఈ ముగ్గురినీ నడపడంలో కిటుకంతా బ్యాటరీ తిండి తీరులో ఉంది. ఆకలి మీద విస్తరి ముందు కూర్చున్నవాడు పప్పన్నం, పులుసన్నం గబగబా లాగించి, పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి మెతుకులు లెక్కపెడతాడు. సీసపు బ్యాటరీ అచ్చం అంతే. పొద్దున సగం ఖాళీగా ఉన్నప్పుడు 55 ఆంపియర్ల ఛార్జర్ పెడితే 55నూ మింగేస్తుంది. ఎనభై శాతం దాటి, వోల్టేజి 14.4కి చేరాక ఇరవై, పది, అయిదు అంటూ తగ్గించుకుంటూ పోతుంది. ఆ చివరి ఇరవై శాతానికి నాలుగైదు గంటలు పడుతుంది, తొందరపెట్టి లాభం లేదు. మధ్యాహ్నం జనరేటర్ వేసినవాడు గంటకు లీటరున్నర పెట్రోలు తగలేసి బ్యాటరీలోకి 70 వాట్లు పంపిస్తుంటాడు. తెలిసినవాళ్లు ఉదయం ఏడింటికి, నిశ్శబ్ద వేళ దాటాక, కాఫీ మెషిన్‌తో పాటే జనరేటర్ వేసి గంటలో ఆపేస్తారు. గబగబా తినే వంతు పెట్రోలుది, మెతుకులు లెక్కపెట్టే వంతు ఎండది. సాయంత్రానికి నిండకపోతే అది సోమరితనం కాదు, జబ్బు. నిండకుండా రోజుల తరబడి ఉంచితే రేకుల మీద సీసపు సల్ఫేటు గట్టి పలుకులు కట్టి, మళ్లీ కరగనంటుంది.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటి: చేత్తో మోసుకెళ్లే చిన్న జనరేటర్ మీద ‘12 వోల్టులు’ అని రాసి ఉన్న సాకెట్ చూసి నేరుగా బ్యాటరీకి తగిలిస్తారు. దాంట్లోంచి వచ్చేది ఎనిమిది ఆంపియర్ల దాకానే. బండి ప్లగ్గును జనరేటర్ ఏసీ సాకెట్‌కు గుచ్చితే లోపలి ఛార్జరే దానికి ఆరేడు రెట్లు ఇస్తుంది.

ఈ కాపురంలోకి కొత్త కోడలు 1990ల్లో బయల్దేరింది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ దగ్గర పనిచేసిన అక్షయ పాఢి, నంజుండస్వామి అనే భారతీయ పరిశోధకులు, గురువుతో కలిసి లిథియం ఐరన్ ఫాస్ఫేటు గురించి 1997లో పత్రం ప్రచురించారు. గుడినఫ్‌కు లిథియం బ్యాటరీల కృషికి 2019లో, 97 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది. ఈ బ్యాటరీ సీసంలో సగం బరువు కూడా ఉండదు. ఎనభై తొంభై శాతం వాడుకున్నా అలగదు. చివరిదాకా ఒకే వేగంతో తింటుంది, సగం కడుపుతో పడుకోబెట్టినా పట్టించుకోదు. ఇక పొద్దుటి జనరేటర్ శాస్త్రమంతా చెల్లని కాగితమైంది.

కోడలికీ పట్టింపులున్నాయి. సున్నా డిగ్రీలకు దిగువన ఛార్జి చేస్తే లిథియం లోపలికి ఇంకక లోహంగా పైనే పేరుకుని ఘటాన్ని పాడుచేస్తుంది. బీఎంఎస్ అనే కాపలా బోర్డు అప్పుడు ఛార్జిని ఆపేయాలి. ఇంజను ఆల్టర్నేటర్ నుంచి అడ్డూ ఆపూ లేకుండా లాగి దాన్ని మాడ్చగలదు కూడా, అందుకని మధ్యలో డీసీ ఛార్జర్ పెడతారు. ఇంకో సంగతి, మొహం చూసి మనసు చెప్పలేం. తొంభై శాతం దగ్గరా ముప్పై దగ్గరా వోల్టేజి ఇంచుమించు ఒకటే. అందుకే షంట్ కావాలి. నెగటివ్ తీగ దారిలో బిగించే వేలెడంత లోహపు దిమ్మ అది. 500 ఆంపియర్లు పారితే దాని రెండు చివరల మధ్య 50 మిల్లీవోల్టులు, పది పారితే ఒక్కటే. ఆ మిల్లీవోల్టులను క్షణక్షణం కొలుస్తూ, వచ్చిందీ పోయిందీ కూడి తీసి, గోడ మీది చిన్న తెరపై మిగిలింది చూపిస్తారు. కిరాణా కొట్టు పద్దు పుస్తకమే, కాకపోతే అరువు రాయదు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, అందరూ కలిసి అద్దె మోటారుహోమ్‌లో తిరిగొద్దామనుకునే కుటుంబాలకు ఒక మాట. తాళాలు తీసుకునే ముందు హౌస్ బ్యాటరీ సీసమా లిథియమా అడగండి, ఎన్ని ఏహెచ్ అని అడగండి. జనరేటర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి దాన్ని ఆపి పడుకోండి, చేతి జనరేటర్‌ను కిటికీ కింద పెట్టకండి. బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎక్కడుందో చూపించమని అడిగి, టెస్టు బటన్ మీరే నొక్కి చూడండి. కూత రాకపోతే ఆ బండి తీసుకోకండి.