కాటు నుంచి సూది దాకా...

పాము కరిచిన మనిషిని బతికించే మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. అయినా ప్రాణాలు పోతున్నాయి. ఎక్కువగా ఎక్కడ పోతున్నాయంటే... ఇంట్లో, దారిలో!

తొలకరి పడింది. సిక్కోలు పల్లెల్లో ఆకుమళ్లు వేసే హడావుడి. పగలంతా పొలంలో నడుం వంచి, రాత్రికి ఇంత తిని, వసారాలో చాప పరుచుకుని పడుకున్న మనిషికి తెల్లవారుజామున మెలకువ వస్తుంది. కడుపులో ఒకటే నొప్పి. రాత్రి తిన్నది పడలేదేమో అనుకుంటాడు. కాసేపటికి రెప్పలు బరువెక్కి వాలిపోతాయి. మాట ముద్దగా వస్తుంది. గుటక దిగదు. ఒంటిమీద గాయం కనిపించదు, వాపు ఉండదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. కానీ అది కట్లపాము కాటు కావచ్చు!

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. దాని కోరలు ఎంత చిన్నవంటే చీమ కుట్టినట్టు కూడా అనిపించకపోవచ్చు. అందుకే వానాకాలంలో తెల్లవారుజామున కడుపునొప్పితో వచ్చి, రెప్పలు వాలుస్తున్న రోగిని చూడగానే అనుభవమున్న డాక్టరు ముందు అడిగే ప్రశ్న... 'రాత్రి ఎక్కడ పడుకున్నావు?'

లెక్కకు అందని చావులు

మన దేశంలో పాముకాటుతో ఏటా ఎంతమంది చనిపోతున్నారు? ఆసుపత్రి రికార్డులు చూస్తే చాలా తక్కువే కనిపిస్తారు. అసలు ఆసుపత్రికి వస్తేగా రికార్డులకెక్కడానికి! అందుకే పరిశోధకులు ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎలా పోయారో అడిగి లెక్కగట్టారు. 2011లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం 2005 ఒక్క ఏడాదిలోనే దాదాపు 46 వేలమంది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 5,200. ఉత్తరప్రదేశ్ తర్వాత మనమే! చనిపోయినవారిలో నాలుగింట మూడొంతుల మంది ఆసుపత్రి బయటే కన్నుమూశారు. ఆ తర్వాత 2020లో వచ్చిన మరో అధ్యయనం 2000 నుంచి 2019 దాకా మొత్తం 12 లక్షల మరణాలని తేల్చింది. అంటే సగటున ఏడాదికి 58 వేలు.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని 2024 మార్చిలో కేంద్రం కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో, ప్రతి కాటునూ ప్రతి మరణాన్నీ తప్పనిసరిగా నమోదు చేసేలా చూడమని రాష్ట్రాలను కోరింది. మంచిదే. లెక్క ఉంటేనే కదా ఏ పీహెచ్‌సీకి ఎన్ని సీసాల మందు పంపాలో తెలిసేది!

మంత్రం ఎందుకు 'పనిచేస్తుంది'?

మన పాముల్లో చాలావాటికి విషమే లేదు. ఉన్న పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం దించదు. అలాంటి కాటు తిన్నవాడికి పసరు పోసినా, మంత్రం వేసినా, ఏమీ చేయకపోయినా బతుకుతాడు. పేరు మాత్రం మంత్రగాడికొస్తుంది! అసలు విషమెక్కినవాడి విషయంలో ఆ రెండు గంటలే ప్రాణం తీస్తాయి.

చదువుకున్నవాళ్లూ చేసే తప్పు ఇంకోటుంది. కాటు పైన తాడు బిగించి కట్టడం. రక్తపింజరి కాటులో విషం ఆ భాగంలోని కండరాలను కుళ్లబెడుతుంది. తాడు కడితే అదంతా అక్కడే పోగవుతుంది. కాలే పోవచ్చు. ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే దారిలో గబుక్కున విప్పకూడదు, ఆసుపత్రిలో డాక్టరు సమక్షంలోనే విప్పాలి. గాటు పెట్టడం, నోటితో పీల్చడం అసలే వద్దు. మట్టెలు, కడియాలు, ఉంగరాలు మాత్రం వెంటనే తీసేయాలి, వాపొస్తే అవే ఉరితాళ్లవుతాయి. ఎముక విరిగినవాడికి కట్టినట్టు కాలికో చేతికో చెక్క ఆసరా పెట్టి, కదలకుండా పడుకోబెట్టి తీసుకెళ్లాలి. పామును వెతికి చంపి సంచిలో తేవాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి... ఈ నాలుగింటికీ మందు ఒకటే.

పీహెచ్‌సీలో ఆ పది సీసాలు

గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలతో తయారుచేసే మందిది. ఒక్కో సీసాలో 10 మిల్లీలీటర్లు. మిల్లీలీటరు మందు రక్తపింజరి విషం 0.6 మిల్లీగ్రాములకు విరుగుడు. ఆ పాము ఒక కాటులో దించే విషం సగటున 63 మిల్లీగ్రాములు. లెక్కేసుకోండి... మొదటి మోతాదు పది సీసాలు ఎందుకో తెలిసిపోతుంది. పసిపిల్లాడికైనా అదే మోతాదు. పాముకు పిల్లాడని తెలియదుగా!

పొడి రూపంలో ఉండే ఈ మందును ఫ్రిజ్ లేకపోయినా నిల్వ చేయొచ్చు. కరిచింది పింజరా కాదా అన్నది తేల్చడానికీ పెద్ద ల్యాబు అక్కర్లేదు. శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషమే. ఇంత చవకైన పరీక్ష వైద్యంలో ఇంకోటుందో లేదో!

మరి పల్లెలోని డాక్టరు సూది వేయకుండా 'పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అని ఎందుకు రాసిస్తారు? భయం. గుర్రం నుంచి వచ్చిన మందు కాబట్టి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం లాంటివి రావొచ్చు. చిన్న ఆసుపత్రిలో ఏదైనా అయితే తన మీదకొస్తారని డాక్టరు జంకు. ఆ జంకు అర్థం చేసుకోదగ్గదే. కానీ దానికీ విరుగుడుంది. శ్రీలంకలో 1,007 మంది పాముకాటు రోగులపై చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, ముందుగా కొద్ది మోతాదులో అడ్రినలిన్ ఇస్తే తీవ్రమైన రియాక్షన్లు తొలి గంటలో 43 శాతం తగ్గాయి. అడ్రినలిన్ ఏ పీహెచ్‌సీలోనైనా ఉండాల్సిన మందే.

తొలి మోతాదు అక్కడే ఎందుకు పడాలంటే... కట్లపాము విషం నరాల చివళ్లను దెబ్బతీస్తుంది. ఒకసారి దెబ్బతిన్నాక మందు వాటిని బాగుచేయలేదు. అవి మళ్లీ చిగురించేదాకా రోజుల తరబడి రోగికి ఊపిరి అందించాల్సిందే. వెంటిలేటరు లేకపోతే చేత్తో నొక్కే గాలిసంచీ అయినా సరే. ఆ స్థితిలో మనిషి కదలడు, కన్ను తెరవడు, కంటిపాప వెలుగుకు స్పందించదు. అచ్చం పోయినట్టే ఉంటాడు. కానీ లోపల స్పృహ ఉండొచ్చు, మాటలు వినబడుతుండొచ్చు! ఆశ వదిలేసి ఇంటికి తీసుకుపోతే నిజంగానే పోతాడు. ఊపిరి అందిస్తే చాలామంది లేచి నడిచి వెళ్తారు.

కొండ దిగాలంటే...

సీతంపేట కొండలు 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలోవే, ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జిల్లా పేరు మారినా దారి మారలేదు. కొన్ని గూడేల నుంచి రోగిని డోలీలో మోసుకుంటూ రోడ్డు దాకా రావాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ మైదానపు ఊళ్లకు గొప్ప మేలు చేసింది. కొండదారిలో మాత్రం ఆ బండి ఎక్కడో కిందే ఆగిపోతుంది. అలాంటి చోట్ల కోసమే ఏజెన్సీలో బైకు అంబులెన్సులు ప్రవేశపెట్టారు.

ఇవి ఎంత ఉపయోగమో నేపాల్‌ను చూస్తే తెలుస్తుంది. ఆగ్నేయ నేపాల్ పల్లెల్లో, పాము కరిచిందని కబురందగానే రోగిని మోటారుసైకిల్‌పై మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఒకరు పట్టుకుని ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేశారు. కాటు పడగానే ఏంచేయాలో ఊళ్లలో ప్రచారం చేశారు. కాటు తిన్నవారిలో మరణాలు 10.5 శాతం నుంచి 0.5 శాతానికి పడిపోయాయి! కొత్త మందు కనిపెట్టలేదు. దారి తగ్గించారంతే. దోమతెర కట్టుకుని పడుకుంటే కాటు ముప్పు బాగా తగ్గుతుందని తేలిందీ అక్కడే. తెర అంచుల్ని చాప కిందికి గట్టిగా దోపాలి సుమా.

మద్రాసు విషం, ఉద్దానం పాము

మనం వాడే మందుకు కావాల్సిన విషం చాలావరకు ఒకే చోటి నుంచి వస్తుంది. చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి. అయితే ఒకే జాతి పామైనా ప్రాంతాన్ని బట్టి విషం మారిపోతుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపించారు. అందుకే ప్రాంతాల వారీగా మందు తయారుచేయాలన్న వాదన ఇప్పుడు బలపడుతోంది. ఉత్తరాంధ్ర తోటల్లో అప్పుడప్పుడూ కనిపించే గిరినాగుకైతే ఈ మందు పనికే రాదు. అది మనిషిని కరవడం అరుదు కాబట్టి సరిపోయింది.

ఉద్దానానికి ఇంకో చిక్కుంది. రక్తపింజరి విషం కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చినవారిలో మూత్రం ఆగిపోయి డయాలసిస్ దాకా వెళ్తుంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాల్లో ఏ కారణం వల్లో ఇంకా తేలని కిడ్నీ జబ్బు ముందే పాతుకుపోయి ఉంది. సగం అరిగిన కిడ్నీ మీద పింజర విషం పడితే? ఇక్కడ గంట ఆలస్యానికి చెల్లించే మూల్యం వేరే ఊళ్లకన్నా ఎక్కువ. ఊరటేమిటంటే, ఉద్దానం రోగుల కోసం వచ్చిన డయాలసిస్ యంత్రాలు చుట్టుపక్కలే ఉన్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. పింజర కాటు నుంచి కోలుకుని ఇంటికొచ్చినవారు గాయం మానిందని ఊరుకోకుండా, కొన్ని నెలలపాటు క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. వెళ్లినప్పుడు 'పాము కరిచింది' అన్న మాట కూడా డాక్టరుకు చెప్పాలి. చీటీలో అది రాసి ఉండకపోవచ్చు.