మందులకు లొంగని మలబద్ధకం

వారానికి మూడుసార్ల కంటే తక్కువగా విరేచనం కావడం, గట్టిగా ముక్కాల్సి రావడం, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలి ఉందనిపించడం నెలల తరబడి సాగితే దాన్ని దీర్ఘకాలిక మలబద్ధకం అంటారు. పీచున్న తిండి, నీళ్లు, ఇసబ్గోల్, లాక్టులోజ్‌లతో చాలామందికి నయమవుతుంది. ఇవేవీ పనిచేయని వారికి మోతాదు పెంచుకుంటూ పోవడం కన్నా అడ్డు ఎక్కడుందో వెతకడం మేలు.

వెతకాల్సిన మొదటి చోటు రోగి వాడుతున్న మందుల చీటీ. ఐరన్ మాత్రలు, వెరపామిల్ వంటి బీపీ మందులు, ట్రామడాల్ వంటి నొప్పి మాత్రలు పేగును మందగింపజేస్తాయి. థైరాయిడ్ లోపం, మధుమేహం, పార్కిన్సన్స్ వ్యాధి కూడా అంతే. మలంలో రక్తం పడినా, బరువు తగ్గినా, 50 ఏళ్లు దాటాక సమస్య కొత్తగా మొదలైనా కొలనోస్కోపీ వాయిదా వేయకూడదు.

ఇవేవీ కాకపోతే లోపం పెద్దపేగు కదలికలోనైనా ఉండవచ్చు, మలద్వారం దగ్గరైనా ఉండవచ్చు. కొందరిలో రెండూ ఉంటాయి. రెండోది ఎక్కువగా మరుగున పడిపోతుంది. ముక్కేటప్పుడు వదులు కావలసిన కటి కండరాలు కొందరిలో బిగుసుకుంటాయి. లోపల గడియ వేసి తలుపు తోసినట్టే ఉంటుంది వారి అవస్థ. ఎన్ని విరేచన మందులు మింగినా గడియ తెరుచుకోదు. దీన్ని పట్టే పరీక్ష ఆశ్చర్యపోయేంత సులువు. సుమారు 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపిన చిన్న బెలూన్‌ను మలాశయంలో ఉంచి బయటకు నెట్టమంటారు. ఒకటి రెండు నిమిషాల్లో నెట్టలేకపోతే లోపం ద్వారం దగ్గరే ఉందని అనుమానించి, అక్కడి ఒత్తిడిని కొలిచే మానోమెట్రీతో నిర్ధారిస్తారు.

వీరికి మందు కన్నా శిక్షణ ముఖ్యం. బయోఫీడ్‌బ్యాక్‌లో రోగి తన కండరాల బిగువును తెరమీద చూస్తూ, పొట్టతో నెట్టడం, కింద వదలడం కలిపి నేర్చుకుంటాడు. కొన్ని వారాలు పడుతుంది, ఓపిక కావాలి. కాళ్ల కింద చిన్న పీట పెట్టుకుంటే కమోడ్ మీద కూడా గొంతుకూర్చున్న భంగిమ కొంతవరకు వస్తుంది.

పేగే నెమ్మదైతే దారి వేరు. ఎక్స్‌రేలో కనిపించే గుర్తులున్న గుళిక మింగించి, ఐదో రోజున ఎన్ని మిగిలాయో లెక్కిస్తారు. ఇలాంటివారికి పీచు పెంచితే ఉబ్బరమే మిగలవచ్చు. పాలీఎథిలిన్ గ్లైకాల్, బిసకోడిల్, అవీ చాలకపోతే ప్రుకాలోప్రైడ్ వాడతారు.

పెద్దపేగును తొలగించి చిన్నపేగును మలాశయానికి కలిపే శస్త్రచికిత్స అతి కొద్దిమందికే, అన్నీ విఫలమయ్యాకే. దానికి ముందు ద్వారం దగ్గర లోపం లేదని తేల్చుకోవాలి. అది సరిచేయకుండా పేగు తీసేస్తే బాధ అలాగే ఉండిపోవచ్చు. ఆపరేషన్ బాగా జరిగినా పొట్టనొప్పి, ఉబ్బరం కొందరిలో తగ్గవు.