ఐదుగురికి ఒకరు.. ఏ పూట లెక్క?

ఒక హోమ్ ఉందనుకుందాం. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పెద్దవాళ్లు ఇరవైమంది అందులో ఉంటున్నారు. చూసుకోవడానికి నలుగురు ఆయాలు. దరఖాస్తులో నిర్వాహకులు 'ఐదుగురికి ఒకరు' అని రాస్తారు. తనిఖీకి వచ్చిన అధికారి జీతాల రిజిస్టర్ తిరగేస్తే నాలుగు సంతకాలు కనిపిస్తాయి. లెక్క సరిపోయిందని రాసుకుని వెళ్లిపోతారు. కానీ ఆ ఇంట్లోకి ఏ వేళలో అడుగుపెట్టినా ఇరవైమంది మధ్య కనిపించేది దాదాపు ఒక్క మనిషే.

ఎలాగో చూడండి. పగలూ రాత్రీ, వారం పొడుగునా ఒక మనిషి డ్యూటీలో ఉండాలంటే రోజుకు మూడు షిఫ్టుల చొప్పున వారానికి 21 షిఫ్టులు నిండాలి. ఒక ఆయా వారానికి ఆరు షిఫ్టులు చేస్తుంది, ఒకరోజు సెలవు. అంటే ఒక్క స్థానం ఖాళీ లేకుండా ఉండాలంటేనే మూడున్నర మంది కావాలి. మన హోమ్‌లో నలుగురూ కలిసి చేసేవి 24 షిఫ్టులు. ఒక్క స్థానానికి 21 పోతే మిగిలేవి మూడు. పండక్కి ఒకామె ఊరెళ్తే, ఇంకొకామె పిల్లాడికి జ్వరం వస్తే ఆ మూడూ పోతాయి. రాతలో ఉన్న 'ఐదుగురికి ఒకరు' ఇరవై నాలుగు గంటలూ నిజం కావాలంటే అక్కడ 14 మంది పనిచేయాలి. సెలవులు, జబ్బులు కలుపుకుంటే 16 మంది.

అంతమందికి జీతాలు ఎక్కణ్నుంచి తెస్తామని నిర్వాహకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్ని వేళలా ఒకే సంఖ్య అక్కర్లేదు కూడా. పొద్దున స్నానాలు, టిఫిన్ల వేళ ఎక్కువమంది కావాలి, అర్ధరాత్రి తక్కువమంది సరిపోవచ్చు. అయితే ఆ సర్దుబాటు డ్యూటీ చార్టులో కనిపించాలి. అందుకే పర్యవేక్షకులు మొదట అడగాల్సింది జీతాల రిజిస్టర్ కాదు, గడిచిన వారం డ్యూటీ చార్టు.

అమెరికాలో ఇలాంటి నివాస కేంద్రాలకు ఉన్న ఫెడరల్ నిబంధన ఈ మెలికను ముందే పట్టుకుంది. అక్కడ ఉద్యోగుల జాబితాను లెక్కలోకి తీసుకోరు. 24 గంటల్లో అన్ని షిఫ్టుల్లోనూ నిజంగా డ్యూటీలో ఉన్నవాళ్లనే లెక్కిస్తారు. పన్నెండేళ్లలోపు పిల్లలకు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు 3.2 మందికి ఒకరు, మధ్యస్థ వైకల్యమైతే నలుగురికి ఒకరు, స్వల్పమైతే 6.4 మందికి ఒకరు. మన నలుగురు ఆయాలను ఆ కొలతలో పెట్టి చూస్తే రోజుకు సగటున 3.4 షిఫ్టులు, అంటే 5.8 మందికి ఒకరు. తమ పనులు చాలావరకు తాము చేసుకోగలిగినవాళ్లు ఉంటేనే ఆ హోమ్ నెగ్గుతుంది. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు ఇరవైమంది ఉంటే, కావాల్సినదాంట్లో సగానికి కాస్త పైన మాత్రమే ఉన్నట్టు.

రాత్రి షిఫ్టు దగ్గర ఇంకో అంకె చేరుతుంది. మేధో వైకల్యం ఉన్నవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి మూర్ఛ ఉంటుంది. ఆ లెక్కన ఇరవైమందిలో నలుగురు. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటి ఆగకపోతే అది అత్యవసర పరిస్థితి, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. డ్యూటీలో ఒక్కరే ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టేదెవరు, ఆటో పిలిచేదెవరు, మిగిలిన పందొమ్మిదిమందిని చూసేదెవరు? రాత్రి రెండు గంటలకు ఎవరు మేలుకుని ఉంటారు, వాళ్ల దగ్గర ఎవరి ఫోన్ నంబరు ఉంటుంది, ఫిట్స్ మాత్రలు పదిరోజులకు సరిపడా ఉన్నాయా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకని తనిఖీ నివేదిక ఎన్ని పేజీలున్నా అసంపూర్ణమే అంటాను. 2024 జూలైలో ఢిల్లీ రోహిణిలో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిపే ఆశా కిరణ్ ప్రభుత్వ వసతి గృహంలో ఒక్క నెలలోనే పదిమందికి పైగా చనిపోయారు. ఉండాల్సినవాళ్ల కంటే ఎంతో ఎక్కువమందిని అక్కడ ఉంచారని అప్పుడు అందరికీ తెలిసింది. ప్రాణాలు పోయాక తెలిసింది.

స్కూళ్ల దగ్గరికి వస్తే నిష్పత్తి మీద స్పష్టత కొంత మెరుగు. 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రత్యేక పాఠశాలలకు లెక్క చెప్పింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలైతే ఎనిమిదిమందికి ఒక టీచరు. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లలైతే ఐదుగురికి ఒకరు. చూపు, వినికిడి రెండూ లేని పిల్లలకు ఇద్దరికి ఒకరు. ఆ టీచరు పేరు భారత పునరావాస మండలి రిజిస్టర్‌లో ఉండాలి. మండలి చట్టం 1992 నాటిదే. ఆ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లను 'స్పెషల్ టీచర్' అని చూపిస్తే నిష్పత్తి కాగితం మీదే మిగిలిపోతుంది.

మనుషులు సరిపడా ఉన్నారనే అనుకుందాం. వాళ్లు రోజంతా ఏం చేస్తున్నారన్నది తర్వాతి ప్రశ్న. పర్యవేక్షణలో అసలు పని ఇక్కడుంది. మన దగ్గర ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో మొదలైన, మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ (ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు) మన పిల్లల కోసం, మన ఇళ్ల పద్ధతులకు తగ్గట్టు ఒక కొలత తయారుచేసింది. బేసిక్-ఎంఆర్ అని దాని పేరు. మొదటి భాగంలో ఏడు విభాగాలు. కాళ్లూ చేతుల కదలిక, రోజువారీ పనులు, మాట, చదవడం రాయడం, అంకెలూ టైమూ, ఇంటిపనీ నలుగురిలో మెలగడం, వృత్తి పనికి ముందు నేర్చుకోవాల్సినవీ డబ్బూ. ఒక్కో విభాగంలో 40 పనులు, మొత్తం 280. ఒక్కో పనికి సున్నా నుంచి అయిదు వరకు మార్కులు.

ఆ మార్కులు ఎలా పడతాయో పళ్లు తోముకోవడం దగ్గర చూద్దాం. పూర్తిగా వేరొకరే తోమాల్సి వస్తే 1. బ్రష్ పట్టుకున్న చేతి మీద చెయ్యి వేసి కదిలిస్తే తోముకుంటాడా, 2. 'కింది పళ్లు, ఇప్పుడు పక్క పళ్లు' అని నోటితో చెబుతుంటే చాలంటే 3. వేలితో చిన్న సైగ చేస్తే అందుకుంటే 4. ఎవరూ పక్కన లేకుండా తానే చేసుకుంటే 5. ఆ మనిషికి వర్తించని పని అయితే సున్నా. మంచి టీచరు 'పళ్లు తోముకోవడం' అన్న ఒక్క పనిని మళ్లీ ముక్కలు చేస్తుంది. ట్యూబు మూత తీయడం, పేస్టు పెట్టడం, నీళ్లు పుక్కిలించి ఉమ్మడం, బ్రష్ కడిగి మగ్గులో పెట్టడం. ఒక బాబు ఇవన్నీ చేస్తాడు, పేస్టు మాత్రం ఎక్కువ పిండేస్తాడు. అంటే అతనికి రాని పని ఒకటే. నేర్పాల్సిందీ అదే. ఆ సంగతి తెలియని ఆయా, పనులు త్వరగా తెమలాలని మొత్తం తానే తోమేస్తుంది. మూడు మార్కుల దగ్గరున్న బాబు మూడు నెలల్లో ఒకటికి దిగిపోతాడు. దీన్ని ఎవరూ హింస అనరు. హాజరు రిజిస్టర్‌లో కనిపించదు, సీసీ కెమెరాలోనూ ప్రేమగా తోమిపెడుతున్నట్టే ఉంటుంది. ఆ పిల్లాడి స్కోరు షీటు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసే పర్యవేక్షకుడికి మాత్రమే దొరుకుతుంది.

స్కోరు చదవడం కూడా తెలియాలి. 280 పనులు, ఒక్కోదానికి అయిదు చొప్పున మొత్తం 1,400. పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె బాత్రూమ్‌కు సంబంధించిన నాలుగు పనుల్లో రెండు మార్కుల నుంచి అయిదుకు చేరిందనుకుందాం. పెరిగింది 12 మార్కులు. 1,400లో అది ఒక్క శాతం కూడా కాదు. ఏడాది చివర రిపోర్టులో 'అభివృద్ధి 0.86 శాతం' అని రాస్తే నిధులిచ్చేవాళ్లు పెదవి విరుస్తారు. అదే 12 మార్కులను రోజువారీ పనుల విభాగంలోని 200లో చూస్తే 6 శాతం. ఇక ఆ ఇంట్లో చూస్తే, ఇన్నేళ్లూ కూతుర్ని వదిలి గంటసేపు బయటికి వెళ్లలేకపోయిన తల్లి పెళ్లికో పేరంటానికో వెళ్లి రాగలుగుతుంది. ఆ అమ్మాయి నెలసరి రోజుల్లో కూడా స్కూలుకు పోతుంది, మరొకరు తనను తాకాల్సిన అవసరం లేకుండా బతుకుతుంది. సగటులు పర్యవేక్షకుల కంటికి గంతలు కడతాయని నేను గట్టిగా నమ్ముతాను. ఈ రంగంలో ఒక్కో మనిషికీ విడిగా రాసుకున్న ప్రణాళికే కొలబద్ద. ఆ సికింద్రాబాద్ సంస్థే తెచ్చిన మరో జాబితా, ఎఫ్ఏసీపీలో అయితే తనకోసం ఎంచిన పనుల్లో 80 శాతం సాధించిన విద్యార్థి పై స్థాయికి వెళ్తాడు. ఏళ్ల తరబడి ఒకే స్థాయిలో ఉన్న పిల్లాడు కనిపిస్తే తప్పు పిల్లాడిదా, లక్ష్యాలు ఎంచినవాళ్లదా అన్నది అడిగి తీరాలి.

బేసిక్-ఎంఆర్ రెండో భాగం ప్రవర్తన గురించి. పది విభాగాల్లో 75 అంశాలు. లేకపోతే 0, అప్పుడప్పుడూ ఉంటే 1, తరచూ ఉంటే 2. కొట్టడం, తనను తాను గాయపరచుకోవడం, మొండికేయడం లాంటివి ఇందులో వస్తాయి. ఒక యువకుడు చెయ్యి కొరుక్కుంటున్నాడంటే స్టాఫ్ 'వాడికి పొగరు' అంటారు. అనుభవం ఉన్న సూపర్‌వైజరు అయితే ముందు నోరు తెరిపించి చూపించుకురమ్మంటుంది. మాట రానివాళ్లకు పిప్పి పన్ను నొప్పి, చెవిపోటు, మలబద్ధకం చెప్పుకోవడానికి వేరే దారి ఉండదు. ఒంట్లో ఏమీ లేదని తేలితే వారంపాటు రాయిస్తుంది. కొరుక్కునే ముందు ఏం జరిగింది, ఏ టైము, ఆ తర్వాత మీరేం చేశారు అని. మధ్యాహ్నం భోజనానికి ముందు, వంటింట్లో కుక్కర్లు కూతపెట్టే వేళకే ఎక్కువసార్లు జరుగుతోందని ఆ కాగితం చెప్పొచ్చు. అతణ్ని ఆ అరగంట పెరట్లో మొక్కలకు నీళ్లు పోయడానికి పంపితే మందు అవసరం పడకపోవచ్చు. రాయకపోతే నిద్రమాత్ర డోసు పెరుగుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇరవైమంది ఉన్న ఇంట్లో ఏడాదిపాటు ఎవరూ జారిపడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, గొడవ జరగలేదు అని సంఘటనల రిజిస్టర్ ఖాళీగా కనిపిస్తే మెచ్చుకోకూడదు. మన ఇళ్లలోనే అలా ఉండదు. అక్కడ రాసినవాళ్లకు తిట్లు పడుతున్నాయనే దాని అర్థం. రాసిన ఆయాను ముందుగా మెచ్చుకుని ఆ తర్వాత కారణం వెతికే హోమ్‌లోనే మనుషులు క్షేమంగా ఉంటారు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 2023లో 4,016కు పెంచారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఖర్చు భరిస్తుంది. థెరపీలు కూడా అందులో వస్తాయి, చేరడానికి ముందు వైద్య పరీక్షలు అక్కర్లేదు. కానీ ఏటా రెన్యువల్ చేయించాలి. సదరం సర్టిఫికెట్, పింఛను, నిరామయ గడువు తేదీలు ఒక్కొక్కరికీ ఒకే కాగితం మీద రాసి పెట్టుకోవడం సూపర్‌వైజరు పనే. గడువు దాటితే నష్టపోయేది అడగలేని మనిషి.

పద్దెనిమిదేళ్లు నిండాక కథ మారుతుంది. 2011 జనగణన ప్రకారం దేశంలో మేధో వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 15 లక్షల మంది. వాళ్లు చిన్నపిల్లలుగా ఉండిపోరు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు అమెరికాలో 1983 నాటికి పాతికేళ్లు, ఇప్పుడు అరవై. వైకల్యం ఉన్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు, స్పెషల్ స్కూళ్లు ఏదో మేరకు ఉన్నాయి. ఉచిత విద్య మీద 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చిన హక్కు 6 నుంచి 18 ఏళ్ల వరకే. తర్వాతి నలభై ఏళ్లకు మిగిలేది ఇల్లు, లేదంటే హోమ్. 'మేం పోయాక వీడికెవరు?' అని ప్రతి తల్లీ తండ్రీ అడిగేది ఆ నలభై ఏళ్ల గురించే.

చట్టంలో దీనికి ఒక జవాబుంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో ముగ్గురు సభ్యుల స్థానిక కమిటీ ఉండాలి. కలెక్టర్ లేదా ఆ స్థాయి అధికారి, ట్రస్టులో నమోదైన ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి. కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలి. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు సంరక్షకుణ్ని నియమించేది ఈ కమిటీయే. అమ్మానాన్నలైనా దరఖాస్తు పెట్టుకోవాలి. నియమితులైన సంరక్షకుడు ఆరు నెలల్లోగా ఆ వ్యక్తి ఆస్తుల జాబితా ఇవ్వాలి. ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా, అంటే జూన్ 30 నాటికి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, చేతిలో ఎంత ఉందన్న లెక్క దాఖలు చేయాలి. పట్టించుకోకపోయినా, ఆస్తి తినేసినా ఆ సంరక్షకుణ్ని తొలగించమని తల్లిదండ్రులు, బంధువులు, నమోదైన సంస్థలు కమిటీకి దరఖాస్తు చేయొచ్చు.

మీ వాళ్లెవరైనా హోమ్‌లోనో డే కేర్‌లోనో ఉంటే ఈ నెలలోనే అడగండి. పోయిన వారం డ్యూటీ చార్టు చూపించమనండి, రాత్రి షిఫ్టు గడులతో సహా. మీ బిడ్డ స్కోరు షీట్లు చివరి రెండూ తీయించి, ఒక్క పని ఎంచుకుని, మార్కు ఎందుకు పెరిగిందో ఎందుకు తగ్గిందో చెప్పమనండి. మందుల చార్టులో నిద్రమాత్ర కొత్తగా చేరి ఉంటే, దానికి ముందు వారం ఏం రాశారో అడగండి. ఇవేవీ ఇవ్వమంటే జిల్లా కలెక్టరేట్‌లో ఆ ముగ్గురి కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి. ఆ దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి.