యూదుల చలనచిత్రోత్సవములు: అందు మన పాలు

చలనచిత్రోత్సవ మనగా కొన్ని దినములపాటు ఏరి కూర్చిన చిత్రములను ప్రదర్శించి, పిమ్మట దర్శకులును ప్రేక్షకులును వానిని గూర్చి ముచ్చటించుకొను వేడుక. యూదుల చరిత్ర, ఆచారములు, నేటి జీవితము విషయముగా గల చిత్రములకు ప్రత్యేకించిన ఉత్సవములలో మొదటిది 1980లో అమెరికాయందలి శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ప్రారంభమైనది. తరువాత 1992లో న్యూయార్కునందును, 1997లో ఇంగ్లండునందలి బ్రైటను పట్టణమునను ఇట్టివి వెలసినవి. చిత్రము తీసినవారు యూదులే కావలెనను నియమము లేదు. విషయమే ముఖ్యము.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిపై, నకిరేకల్లు సూర్యాపేటల నడుమ నున్న కేతేపల్లిలో రేడియో వినువారికి ఈ ఉత్సవములతో పని యేమని కొందరు ప్రశ్నింపవచ్చును. సమాధానము రేడియోలోనే యున్నది. ఆకాశవాణి ప్రసారము లారంభమగు ముందు తంబురా శ్రుతిపై వయొలిన్ పలికించు సంకేతనాదమును ఎరుగని యిల్లు లేదు. శివరంజని ఛాయలు గల ఆ బాణీని కూర్చినవాడు వాల్టర్ కాఫ్‌మన్ అను యూదుడు. ఆయన 1907లో బొహీమియా దేశమందలి కార్ల్స్‌బాడ్‌లో జన్మించెను. జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చిన మరుసటి యేడు, 1934లో, బొంబాయి చేరెను. 1937 మొదలు 1946 వరకు బొంబాయి రేడియో కేంద్రమున పాశ్చాత్య సంగీత శాఖను నిర్వహించెను. నిలువనీడ వెదకుకొనుచు వచ్చినవాని బాణీతో మన యిండ్లలో ఎన్నియో ఉదయములు తెల్లవారినవి.

కాఫ్‌మన్‌కు బొంబాయిలో అండగా నిలిచినవారిలో మోహన్ భవ్నానీ అను చిత్ర దర్శకుడొకడు. ఆయన చిత్రములకు కాఫ్‌మన్ సంగీతము కూర్చెను. అంతకు పదేండ్లకు పూర్వమే మరియొక యూదు వ్యక్తిని వెండితెరకు పరిచయము చేసినవాడును ఈ భవ్నానీయే. ఆమె పేరు రూబీ మయర్స్. ప్రేక్షకు లెరిగిన పేరు సులోచన.

1913లో వెలువడిన ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి వేషమును సాళుంకే అను పురుషుడు ధరించెను. గౌరవము గల కుటుంబముల స్త్రీలు తెరపై కనిపించుట తప్పని ఆనాడు ఎంచెడివారు. ఇంగ్లీషు చదువును, ఉద్యోగములును అలవడిన యూదు కుటుంబములలో ఆ కట్టుబాటు కొంత సడలి యుండెను. అందుచే మూకీల కాలమున కథానాయికలుగా ముందుకు వచ్చినవారిలో యూదు యువతులు ముఖ్యులైరి. టెలిఫోను కార్యాలయమున పనిచేయుచుండిన రూబీ మయర్స్ 1925లో ‘వీర్ బాలా’తో తారయయ్యెను. 1927లో వచ్చిన ‘వైల్డ్‌క్యాట్ ఆఫ్ బొంబాయి’లో ఆమె ఎనిమిది వేషములు ధరించెను.

1931లో ‘ఆలం ఆరా’తో తెరకు మాట వచ్చెను. ఆ చిత్రమునకు మూలమైన నాటకమును రచించిన జోసెఫ్ డేవిడ్ కూడ యూదుడే. మాట వచ్చినతోడనే సులోచనకు ఇక్కట్టు కలిగెను. ఆమెకు హిందూస్తానీ చక్కగా రాదు. ఆమె కొంతకాలము నటన మాని భాష నేర్చుకొని తిరిగి వచ్చెను. 1928లో మూకీగా నటించిన ‘అనార్కలి’ని 1935లో టాకీగా మరల నటించెను. 1953లో హిందీ ‘అనార్కలి’ మరల వచ్చినపుడు ఆమె సలీము తల్లి పాత్రను ధరించెను. రెండేండ్లకు అంజలీదేవి, నాగేశ్వరరావుల తెలుగు ‘అనార్కలి’ని మనవారు ఆదరించిరి. సులోచనకు 1973లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించెను.

ఈమె యొక్కతెయే కాదు. 1947లో మిస్ ఇండియాగా ఎన్నికైన ప్రమీల అసలు పేరు ఎస్తర్ అబ్రహాం. ‘ఆన్’, ‘శ్రీ 420’ చిత్రముల నాదిరా అసలు పేరు ఫ్లారెన్స్ ఎజకియేల్. 1954 నాటి ‘బూట్ పాలిష్’లో జాన్ చాచాగా కంటతడి పెట్టించిన డేవిడ్, కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ శాఖకు చెందినవాడు. మన గాండ్లవారివలె గానుగ ఆడించి, శనివారము పని మానుటచే ఆ శాఖవారిని ‘శనివార తేలీ’లని పిలిచెడివారు.

ఈ తారల కథలను గుదిగ్రుచ్చి డానీ బెన్ మోషే అను దర్శకుడు ‘షాలోం బాలీవుడ్’ అను వాస్తవచిత్రమును తీసెను. 2017లో వెలువడిన ఆ చిత్రము యూదుల చిత్రోత్సవములందు ప్రదర్శింపబడెను. పేరు మార్చుకొని పరులలో కలిసిపోయినవారిని, అసలు పేరుతో వారి జనము నడుమ నిలుపుట ఇందలి విశేషము. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున మిగిలిన యూదులు 4,650 మంది మాత్రమే. 1948 తరువాత పెక్కురు ఇజ్రాయెలునకు తరలిపోయిరి. ఇట, తలచుకొనువారు తగ్గుకొలది చిత్రముల పని పెరుగుచున్నది.

తెరకు అంతగా ఎక్కని కథ యొకటి తెలుగునాటనే కలదు. కేతేపల్లి మీదుగా పోవు రహదారిని పట్టి విజయవాడ చేరి, కృష్ణ దాటి గుంటూరు సీమకు పోయినచో, చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెము కలదు. అచట తెలుగు మాతృభాషగా గల కొన్ని కుటుంబములు తాము ఇజ్రాయెలు గోత్రములలో ఎఫ్రాయీము సంతతివారమని చెప్పుకొనుచు, హీబ్రూ ప్రార్థనలు నేర్చి, శనివారమును విశ్రాంతిదినముగా పాటించుచున్నారు. వారి పూర్వులు మాదిగలు. పందొమ్మిదవ శతాబ్దిలో బాప్టిస్టు క్రైస్తవము నవలంబించినవారు. 1991లో వీరు ప్రార్థనామందిరము నెలకొల్పుకొనిరి. వంశమును గూర్చిన వారి మాటను అందరును అంగీకరింపలేదు. అంటరానివారని ఊరివెలుపల నుంచబడినవారు తమ పుట్టుకను గూర్చి తామే చెప్పుకొనుట సామాన్యమైన విషయము కాదు. వంశనిర్ణయము పండితుల పని. వారి మాటను వారి నోటనే వినిపించుట మంచి వాస్తవచిత్రమునకు తగిన పని.

ఇట్టి ఉత్సవ చిత్రములు లభించినపుడు పాఠకులు పాత్రధారుల పేర్లపై దృష్టి నిలుపవలెను. తెరపేరు ఏది, పుట్టుపేరు ఏది, మార్చుకొనవలసిన అవసరమేమి యని విచారించినచో, మన సినిమాను నిర్మించిన చేతులు ఎన్ని తావులనుండి వచ్చినవో బోధపడును. రేపటి ఉదయము సంకేతనాదము వినిపించినపుడు ఇంటి పిల్లలకు కాఫ్‌మన్ పేరు చెప్పుట అందుకు మంచి ఆరంభము.