కాలు నడవాలంటే మతి తోడు రావాలి



తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న పెద్దలను మన వార్డుల్లో తరచుగా చూస్తుంటాం. ఇద్దరికీ ఒకే ఆపరేషన్, ఒకే ఫిజియోథెరపీ. అయినా ఒకరు వారం తిరిగేసరికి వాకర్ పట్టుకుని వరండాలో తిరుగుతారు, ఇంకొకరు మంచం దిగడానికే భయపడతారు. లోపం ఎముకలోనో కండరంలోనో ఉందనుకుంటాం. చాలాసార్లు అది జ్ఞాపకశక్తిలో, ధ్యాసలో ఉంటుంది.

వాకర్‌తో నడవడంలో కూడా ఒక వరుస ఉంది. ముందు వాకర్ జరపాలి, తరువాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తరువాత మంచి కాలు. ఆ వరుస గుర్తుండాలి, ధ్యాస చెదరకూడదు. వయసు మీరినవారికి నడక, మాట రెండూ ఒకేసారి సాగించడం కష్టం కావచ్చు. 1997లో స్వీడన్ పరిశోధకులు వృద్ధులను నడిపిస్తూ మాట కలిపారు. జవాబు చెప్పడానికి నడక ఆపినవారే తరువాతి 6 నెలల్లో ఎక్కువగా పడిపోయారని గమనించారు.

మేమూ ఒకసారి పొరబడ్డాం. ఒక మామ్మగారు లేవమంటే లేచేవారు కాదు. డ్యూటీ మారేటప్పుడు "మొండి మనిషి" అని ఒకరికొకరం చెప్పుకున్నాం. "అమ్మకు మతి లేదు సిస్టర్, నేర్పి ఏం లాభం? ఇంటికి తీసుకెళ్లి మంచం మీదే చూసుకుంటాం" అన్నాడు కొడుకు. నిదానంగా పక్కన కూర్చుని మాట్లాడితే తెలిసింది, తనకు ఆపరేషన్ జరిగిన సంగతే ఆమెకు గుర్తు లేదు. కాలు ఎందుకు నొప్పెడుతోందో తెలియని మనిషిని మేము రోజూ లాగి నిలబెడుతున్నాం!

అప్పటినుండి పద్ధతి మార్చాం. రోజూ ఒకే సిస్టర్, ఒకే వేళకు, అవే మాటలు. ఒకసారికి ఒకే సూచన. వ్యాయామం అనకుండా, "మామ్మగారూ, వరండాలో టీ తాగుదాం రండి" అనేవాళ్లం. డిశ్చార్జి నాటికి కోడలు వెంట ఉంటే వాకర్‌తో బాత్‌రూముకు వెళ్లివచ్చేవారు. మా పేర్లు మాత్రం చివరిదాకా గుర్తు లేవు.

ఇదెలా సాధ్యం? సంగతులను గుర్తుంచుకునే జ్ఞాపకం వేరు, శరీరం అలవాటు చేసుకునే నేర్పు వేరు. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయన 1953లో మెదడు ఆపరేషన్ తరువాత కొత్త సంగతులు గుర్తుంచుకోలేకపోయారు. అయినా అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం రోజురోజుకూ మెరుగ్గా చేశారు. ముందురోజు గీసినట్టు మాత్రం ఆయనకు గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త 1962లో ఈ విషయం ప్రకటించారు. అందుచేత మతిమరుపు ఉన్నంత మాత్రాన నడక రాదని తీర్పు చెప్పకూడదు. ఎక్కువ రోజులు పట్టవచ్చు, అందరూ ఒకే మేరకు కోలుకోకపోవచ్చు.

ఒక హెచ్చరిక. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా తికమకగా మాట్లాడినా, మగతగా పడి ఉన్నా అది ముసలితనం అనుకోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొన్ని మందులు కారణం కావచ్చు. వెంటనే డాక్టరుగారికి చెప్పండి.

ఇంట్లో పాటించవలసినవి:

1. కళ్లజోడు, వినికిడి మిషను పెట్టాకే నడిపించండి.
2. నడిచేటప్పుడు కబుర్లు వద్దు, టీవీ ఆపండి.
3. తప్పు చేశాక దిద్దడం కన్నా ముందే చెయ్యి పట్టి సరిగ్గా చేయించండి.
4. రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా నడిపించండి.
5. దిగులుగా, ముభావంగా ఉంటే డాక్టరుగారికి తెలపండి. దిగులుకూ చికిత్స ఉంది.
6. "ఎన్నిసార్లు చెప్పాలి?" అని విసుక్కోకండి.

మనకు మొదటి అడుగులు నేర్పినవారు మనం పడిన ప్రతిసారీ మళ్లీ లేపారు. వారి చివరి అడుగులకు అదే ఓర్పు చూపే కృపను దేవుడు మనకు దయచేయును గాక.